మాలక్ష్మి బెల్టు

మా ఆయన కారు తుడవడానికి కొత్త గుడ్డ పనికిరాదు. కొత్త గుడ్డతో రంగు మీద గీతలు పడతాయంట. ఉతికి ఉతికి పోగులు మెత్తబడిన నూలు చీర కావాలి. పాపను చుట్టడానికని మా అమ్మ పంపిన పాత చీరలు అట్లా కారు పాలయ్యాయి. “పాపకు టవల్లుండాయి కదమే. కారుకేముండాది?” అన్నాడు. రోజూ పాప లేవకముందే ఆ చీర పేలిక పట్టుకుని వరండాలో కూర్చుంటాను. ముందు చక్రాల చువ్వలు, తర్వాత అద్దాలు, ఆఖర్న ముక్కు మీది వెండి కడ్డీ. మొదట్లో ఆ పేలికలో మా అమ్మ వాసన ఉందేమోనని మొహానికి పెట్టుకుని చూసేదాన్ని. ఇప్పుడంతా పాలిష్ వాసనే.

నంద్యాలలో మాది స్టీలు సామాన్ల అంగడి. ఆ కారు ఆయన బెంగుళూరులో కొన్నాడు. ఎర్రది, పొట్టిది, నేలకు ఆనుకుని పాకుతున్నట్టుంటుంది. రెండే తలుపులు, రెండే సీట్లు. మేమిద్దరం పుట్టకముందు ఎవరో పందేలకు తోలిన స్పోర్ట్స్ కారంట. కంపెనీ నుంచి దిగినప్పుడు ఎట్లుందో ఇప్పుడూ అట్లే ఉండాలనేది ఆయన పంతం. ఏసీ లేదు, పాటలు లేవు, సీటు బెల్టులు లేవు. ఆ కాలంలో పెట్టేవాళ్లు కాదంట. ఆయన స్నేహితుడు వినయ్‌కూ అట్లాంటిదే ఒకటుంది. అతను దానికి ఏసీ పెట్టించాడు, చక్రాలు మార్పించాడు, బెల్టులు వేయించి కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని మహానంది దాకా తిప్పుకొస్తాడు. ఒకరోజు అందరూ మా వరండాలో కూర్చున్నప్పుడు మా ఆయన అన్నాడు: “వాంది కారా? పది చేతులు పడిన ఆడదాని మాదిరి చేసిపెట్నాడు దాన్ని. నాది సూడండప్పా, ఎట్లా దిగిందో అట్నే ఉండాది.” నేను కాఫీ గ్లాసులు పట్టుకుని ఆడనే నిలబడి ఉన్నాను. అందరూ నవ్వారు. వినయ్ కూడా నవ్వాడు.

పాప శుక్రవారం పుట్టిందని మా అత్త సీతాలక్ష్మమ్మ దానికి మహాలక్ష్మి అని పేరు పెట్టింది. పిలిచేది మాలక్ష్మి అని. ఎండాకాలంలో ఒక పెళ్లికి పోతున్నాం, పాప నా ఒళ్లో ఉంది. రైల్వే గేటు దాటాక ఆటో అడ్డమొచ్చింది, ఆయన బ్రేకు కొట్టాడు. పాప నా చేతుల్లోంచి జారి ముందుకు పోయి, ఎదురుగా ఉన్న డాష్‌బోర్డు చెక్కకు నుదురు కొట్టుకుంది. నేను అరిచాను. ఆయన కూడా అరిచాడు. “నెత్తురు! చెక్క మీద పడుతాంది, తుడుచు, తుడుచు! పీల్చుకుంటే మరక పోదు!” ఒక చేత్తో పాప నుదురు అదిమి పట్టుకుని ఇంకో చేత్తో నా పట్టుచీర కొంగుతో ఆ చెక్క తుడిచాను. ఆస్పత్రికి ఆ తర్వాతే పోయాం. కుట్లు పడ్డాయి. ఇంటికొస్తే మా అత్త పాపను కాదు, నన్ను చూసింది. “ఆడపిల్ల మొగాన మచ్చ పెట్నావు గదే! బిడ్డను పట్టుకునేది గూడా చాతకాదా నీకు?”

అప్పటినుంచి నాకు నిద్రలో కూడా చేతులు బిగుసుకుపోతాయి. పాప పక్కలో పొర్లితే చాలు, బ్రేకు పడినట్టు ఉలిక్కిపడి లేస్తాను. ఆ కారెక్కితే నడుము వంచి, పాపను రెండు చేతులతో చుట్టి, కాళ్లు ముందుకు తన్నిపట్టి కూర్చుంటాను. ఊరు చేరేసరికి మోచేతులు మొద్దుబారి ఉంటాయి. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. “ఒక్క బెల్టు ఏపీండి. నాకొద్దు. పాపకు.”

“బెల్టు ఏయల్లంటే కింద రేకుకు బొక్కలు కొట్టల్ల. ఒక్క బొక్క పడిందంటే ఇంగ ఒరిజినల్ యాడుంటాది? ఇంటర్ సగంలో ఆపేసిన మొగానికి ఒరిజినల్ అంటే ఏం తెలుస్తాది లే.”

ఇంటర్ సగంలో ఆపించింది ఆయనతో పెళ్లే. ఆ మాట నాలుక దాకా వచ్చి చారులో పడిన పోపు మాదిరి చల్లారిపోయింది. పోనీ పాపను తీసుకుని బస్సులో వస్తానన్నాను. కారుండంగా బస్సులో పోతే అంగడికొచ్చేటోళ్లు ఏమనుకుంటారని ఆయన. మా అత్త నచ్చజెప్పింది. “వాడు ముచ్చటపడి తెచ్చుకున్న్యాడు, వర్జినల్‌గానే ఉండనీలేమ్మా. నువ్వు గట్టిగా పట్టుకుంటే బెల్టుతో పనేముంది, భార్గవీ?” అంటే బెల్టును నేనే. జీతం లేని బెల్టును, తెగితే తిట్లు తినే బెల్టును.

అట్లాంటిది ఒకరోజు పొద్దున నేను టిఫినుకు ఉగ్గాని చేద్దామని బొరుగులు నానబెడుతుంటే, వరండాలోంచి ఆయన ఫోను మాటలు వినబడ్డాయి. మాట్లాడుతున్నది మెకానిక్ ఎజ్రాతో.

“ఎజ్రా, మాలక్ష్మికి బెల్టు బిగించల్లప్పా. బొక్కలు పడితే పడనీ. ఎంత బ్రేకు కొట్నా జరగగూడదు. మెత్తటి పట్టీ చూడు, ఒరుసుకోగూడదు.”

బొరుగులు పట్టుకున్న నా చెయ్యి నీళ్లలోనే ఉండిపోయింది. మెత్తటి పట్టీ అన్నాడు. ఒరుసుకోగూడదన్నాడు. నేను ఈ మనిషిని సరిగా చూడలేదేమో అనుకున్నాను. నోటికి వచ్చింది అంటాడు గానీ లోపల ప్రేమ ఉంది, బిడ్డ మచ్చ ఆయనకూ కనబడుతూనే ఉంది, చెప్పుకోలేడు అంతే. అడగలేదు. అడిగితే బిగుసుకుపోయి వద్దంటాడేమోనని భయం. ఆ రోజు మిరపకాయ బజ్జీలు ఇంకో వాయి వేశాను. వేడివేడిగా ఒక్కొక్కటే ఆయన ప్లేటులో పెట్టాను. “ఏంది, ఈ పొద్దు ఇంత ప్రేమ?” అన్నాడు. నవ్వాను. పాపకు తల దువ్వుతూ చెవిలో చెప్పాను, నాన్న నీకు బెల్టు ఏపిస్తాండాడు అని. అది ఇల్లంతా తిరుగుతూ “నా బెల్టు, నా బెల్టు” అని పాడింది. మా అత్త ఏం బెల్టనీ అడగలేదు. ఆ ఇంట్లో పాప పాటలు ఎవరూ వినరు.

శుక్రవారం ఆళ్లగడ్డలో పనుందన్నాడు, పాపను కూడా తయారు చెయ్యమన్నాడు. పనేమిటో నాకు చెప్పలేదు. చెప్పే అలవాటు లేదు. కారు దగ్గరికి పోతే నిజంగానే నా సీటుకు వెడల్పాటి గోధుమరంగు పట్టీలు ఉన్నాయి. పాపను కూర్చోబెట్టి ఒక పట్టీ ఎత్తబోయాను.

“ముట్టొద్దు! కొత్తది. జిడ్డు చేతులు పెట్టి మాపుతావా?”

ఆయన సంగతి తెలిసిందే కదా అనుకున్నాను. కొత్తది ఏదైనా నాలుగు రోజులు చూసుకుని మురిసిపోవాలి. ఎప్పటిలాగే పాపను ఒళ్లో పెట్టుకుని, చుట్టి, పట్టీలు నలగకుండా ముందుకు జరిగి కూర్చున్నాను. ఆళ్లగడ్డ దాకా అట్లే.

కారు శిల్పాల షెడ్డు ముందు ఆగింది. లోపల మిషన్లు రాయి కోస్తున్నాయి, తెల్లటి దుమ్ము గాలిలో లేస్తోంది. శిల్పి ఎదురొచ్చి నమస్కారం పెట్టాడు. ఇద్దరు మనుషులు నల్లరాతి అమ్మవారిని గోనెపట్ట మీద మోసుకొచ్చారు. మూరెడు ఎత్తు, చేతుల్లో తామర మొగ్గలు, పుల్లల్లాంటి సన్నటి వేళ్లు. ఆయన తెరవబోతున్న కొత్త అంగడిలో పెట్టడానికి మహాలక్ష్మి.

మా ఆయన నన్ను దిగమన్నాడు. దిగాను. అమ్మవారిని నా సీట్లో కూర్చోబెట్టారు. ఆయన వంగి పట్టీలు రెండువైపుల నుంచి తెచ్చి బిగించాడు. పాప కోసం నేను తెచ్చుకున్న చిన్న దిండు తీసి అమ్మవారి మెడ వెనక దోపాడు. వేలు పెట్టి చూసి, “ఒరుసుకోదు కదన్నా?” అని శిల్పిని అడిగాడు.

“బెల్టు పాపకని...” అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆయనకు వినబడింది.

“ఇన్నావా అన్నా? మాలక్ష్మికి బెల్టంటే పాపకనుకునిందంట!” పగలబడి నవ్వాడు. మోసుకొచ్చిన మనుషులు కూడా నవ్వారు. శిల్పి నవ్వలేదు. మా ఆయన నా వైపు తిరిగాడు. “పాపకు దెబ్బ తగిల్తే కుట్లేస్తారే. అమ్మవారికి ఇంత పెచ్చు ఊడినా భిన్నమే, పూజకు పనికిరాదు. రాయికి కుట్లేస్తారా?”

“అమ్మవారిని దించినాక ఉండనీండి. పట్టీలు ఎట్లాగూ ఏసేసినారు కదా. పాపకు...”

“రేపు ఎజ్రా వచ్చి పీకేస్తాడు. బొక్కలు మూసి రంగేస్తే కనబడదు. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు? నువ్వూ పాపా బస్సులో రాండి. ఆడోళ్లకు ఫ్రీనే కదా.”

పాప చప్పట్లు కొడుతూ అమ్మవారికి టాటా చెప్పింది. కారు కదిలింది. షెడ్డు ముందరి గుంటను ఎంత మెల్లగా దాటించాడో. మేమున్నప్పుడు ఆయనకు ఎన్నడూ గుంట కనబడలేదు. ఇన్నాళ్లూ నేను కారుతో పోటీపడి ఓడిపోతున్నాననుకున్నాను. కాదు. బొక్క కొట్టొచ్చు, మూయొచ్చు, రంగెయ్యొచ్చు, ఎవరికీ కనబడదు. అది ఆయనకు మొదటినుంచీ తెలుసు. పాపకోసం కొట్టడానికి మనసు రాలేదు, అంతే.

బస్టాండులో నంద్యాల బండి కదలడానికి సిద్ధంగా ఉంది. పాపను ఎత్తుకుని మెట్టు మీద కాలు పెట్టాను. ఇంటికి పోతే హారతి పళ్లెం నేను సర్దాలి. రేపు ఎజ్రా ఆ పట్టీలు పీకుతుంటే టీ నేనే ఇవ్వాలి. వచ్చే వారం ఇంకేదో పెళ్లి, అదే సీటు, నా ఒళ్లో పాప. వెనకనుంచి ఎవరో, “ఎక్కుతావా ఎక్కవామ్మా?” అన్నారు. కాలు దించేశాను. అవతల కడప బండి నిలబడి ఉంది, చాగలమర్రి మీదుగా పోయేది. చాగలమర్రిలో మా నాయనది చిల్లరంగడి. చెప్పకుండా వచ్చినందుకు తిడతాడు. తిట్టనీ, తిట్లకు కుట్లు పడవు. మారు బట్టల్లేవు, పాప దగ్గుమందు లేదు. అయినా ఎక్కి కూర్చున్నాను.

“యాడికమ్మా?” అన్నాడు కండక్టరు.

“చాగలమర్రి.”

“ఆధార్ చూపిచ్చు. జిరాక్సు కాదు, ఒరిజినల్ కావల్ల.”

సంచిలోంచి తీసి ఇచ్చాను. కార్డునూ నా మొహాన్నీ మార్చి మార్చి చూసి, “కొండమ్మ... చాగలమర్రి ఒకటి,” అని సున్నా టికెట్టు చేతిలో పెట్టాడు.

కొండమ్మ మా అవ్వ పేరు. నాకు పెట్టారు. పెళ్లినాడు మా అత్త ఆ పేరు విని మూతి ముడిచి, కోడల్ని అట్లా పిలిస్తే అంగట్లో నగుబాటని భార్గవి అని మార్చేసింది. నన్నెవరూ అడగలేదు. కార్డులో మార్పించడానికి మా ఆయనకు తీరిక చిక్కలేదు.

బస్సు ఊరు దాటుతుండగా ఫోను మోగింది. మా అత్త.

“భార్గవేనా? అమ్మవారు బయల్దేరిందంట. ఆ తల్లి వాకిట్లోకి వచ్చేసరికి నువ్వు హారతి పట్టుకుని ఉండల్ల. బేగా రా. యాడుండావే భార్గవీ?”

“రాంగ్ నంబరమ్మా,” అని పెట్టేశాను.