ద్వారానికి ఆవలి కొస

ఈ విడతలో ఆఖరి కారు కిటికీలోంచి ఎర్రకర్ర అందించి, ఫెలిజ్బెలా చెయ్యెత్తి వెనకున్న బండ్లను ఆపింది. కారు కోట ద్వారంలోకి దూరి, మొదటి మలుపు దగ్గర మాయమైంది. ఆవలి కొసన ఎర్మీనియు ఆ కర్ర పుచ్చుకుంటాడు. కర్ర చేతికందిందంటే లోపల దారి ఖాళీ అన్నమాట. అప్పుడు తన వైపు బండ్లు నాలుగు వదిలి, చివరి బండికి కర్ర ఇచ్చి పంపుతాడు. పందొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఇద్దరి మధ్య అరవై అడుగులు. ఒకరికొకరు కనపడరు.

ఆ తప్పు వాళ్ళది కాదు. మూడు వందల ఏళ్ళ కిందట సరిహద్దు అవతలి స్పెయిన్ ఫిరంగి గుండు నేరుగా ఊళ్ళోకి రాకూడదని దారిని రెండు వంకర్లు తిప్పి కట్టించాడు అప్పటి రాజు. గుండ్లు బయటి గోడకే తగిలి ఆగిపోయాయి. అవి చేసిన గుంటల్లో ఇప్పుడు పిచ్చుకలు కాపురముంటున్నాయి. ఆ స్పెయిన్ వాళ్ళే శనివారం వచ్చేసరికి కార్లేసుకుని తువ్వాళ్ళు కొనుక్కోవడానికి దిగిపోతారు. ఫెలిజ్బెలాకు ఆ రాజు మీద భక్తీ లేదు, కోపమూ లేదు. ఆయన వంకరబుద్ధి వల్లే కదా తనకింత ఉద్యోగం.

అదీ ఇవాళ్టి శనివారంతో సరి. పురపాలక సంఘం వాళ్ళు రెండు కొసలా సిగ్నల్ స్తంభాలు పాతి, గోనెసంచులు తొడిగి వెళ్ళారు. సోమవారం నుంచి లైట్లే చూసుకుంటాయి.

పొద్దున రొట్టెల వ్యాను నడిపే జెఫెరీను లోపలికి వస్తూ కర్రతోపాటు ఒక మాట కూడా తెచ్చాడు.

"అత్తా, సోమవారం పొద్దున అటొచ్చి తన పక్కన కాసేపు కూర్చుంటారా అని ఎర్మీనియు గారు అడగమన్నారు."

"ఎందుకట?"

"మన పని లైట్లు ఎలా వెలగబెడతాయో చూద్దామట. అటువైపు ఎండ బావుంటుందట."

ఫెలిజ్బెలా వ్యానును పొమ్మని చెయ్యూపింది. పొట్టి మనిషి, యాభై ఎనిమిదేళ్ళు, ఎండకు ఎడమ చెంప కుడిదానికన్నా నల్లబడింది. భర్త తాపీపనికి ఫ్రాన్సు వెళ్ళి ఇరవై మూడేళ్ళయింది. రెండు క్రిస్మస్‌లకు ఉత్తరాలొచ్చాయి, తర్వాత లేవు. చావుకబురు రాలేదు కాబట్టి ఆమె నల్లబట్టలు కట్టలేదు. బతికున్నాడని నమ్మకం లేదు కాబట్టి ఎదురూ చూడలేదు. ఏ జాతరలోనూ ఎవరి పక్కనా కూర్చోలేదు. ఇప్పుడు ఊరంతా రాకపోకలు సాగించే ద్వారం ముందు, ఒక ముసలాడి పక్కన కూర్చోవాలట.

ఎర్మీనియు గురించి తనకేం తెలుసు? కుర్రతనంలో సరిహద్దు దాటించి కాఫీగింజలు మోసి, ఇదే ద్వారం దగ్గర పట్టుబడ్డాడని తెలుసు. భార్య పోయిందని తెలుసు. పండగపూట చర్చి మెట్ల మీద టోపీ తీసి, తల వంచుతాడని తెలుసు. వానరోజుల్లో కర్రను తుడిచి గానీ పంపడని తెలుసు. కుండపోతలో కూడా ఆ కర్ర ఆమె చేతికి పొడిగా వచ్చేది. ఆ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు.

కుండకు మూకుడుంటుంది గానీ లోకుల నోటికి ఉండదు. మధ్యాహ్నం ఆమె స్టూలు మీద కూర్చుని కేబేజీ చారులో రొట్టె ముంచుకుంటుంటే బస్సు డ్రైవరు తల బయటికి పెట్టాడు.

"సోమవారం మీ మధ్య నాక్కాస్త చోటుంటుందా అత్తా?"

"నీ చోటు స్టీరింగు ముందుంది. పో, వెనక జనం ఆగారు."

రానని చెప్పడానికి ఆమె దగ్గర నాలుగు కారణాలున్నాయి. మోకాళ్ళ నొప్పి, బట్టల ఉతుకుడు, చెల్లెలేమంటుందో, ఊరేమంటుందో. కర్ర వెళుతోంది, వస్తోంది. ఎర్మీనియు మళ్ళీ అడగలేదు. ఎవరిచేతా గుర్తు చేయించలేదు. సాయంత్రానికి ఆ నాలుగు కారణాలూ ఆమెకే విసుగనిపించాయి.

అయిదున్నరకు ఒక స్పెయిన్ ఆవిడ కారులో కర్ర వచ్చింది. బయటికి వెళ్ళే వరుసలో ఆఖరిది జెఫెరీను వ్యాను. కర్ర అందిస్తూ అంది:

"వస్తానన్నానని చెప్పు. గట్టిగా చెప్పు, ఆయనకు చెవి మందం. అలాగని అరవకు."

జెఫెరీను నవ్వకుండా తలూపాడు. వ్యాను మలుపు తిరిగింది. ఆమెకు భయం వేసింది, సంతోషమూ వేసింది.

ఒక చిన్న ప్రార్థన చెప్పుకునేంతలో కర్ర తిరిగి రావాలి. రెండుసార్లు చెప్పుకుంది. వెనక హారన్లు మోగాయి. ద్వారంలోంచి బండేదీ రాలేదు. జెఫెరీను నడుచుకుంటూ వచ్చాడు, కర్ర పట్టుకుని.

"చెప్పాను అత్తా. చెప్పి, కర్ర ఇస్తే పుచ్చుకోలేదు. గోడకానుకుని ఉన్నారు. కునుకేమో అనుకున్నా."

"వినిపించిందా?"

"తెలీదు. చెయ్యింకా వెచ్చగానే ఉంది. మొహం ఇటే, ద్వారం వైపే ఉంది."

పనివేళలో ఆమె తన కొస వదలడం అదే మొదలు. కర్ర తీసుకుని లోపలికి నడిచింది. రాళ్ళు చల్లగా ఉన్నాయి. వెనక హారన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. రెండో మలుపు తర్వాత వెలుగు కనిపించింది.

ఎర్మీనియును అప్పటికే ఎవరో నేల మీద పడుకోబెట్టి, మొహం మీదిదాకా కోటు కప్పారు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, కర్రను అతని చేతి పక్కన పెట్టింది. "వస్తానన్నాను" అంది, గట్టిగా. తర్వాత ఏడ్చింది.

లేచేటప్పుడు చూసింది. అతని స్టూలు పక్కన ఒక కుర్చీ ఉంది, గడ్డి అల్లింది, ఇంట్లోది. పొద్దున్నే నెత్తిన పెట్టుకుని తెచ్చాడని పక్క కొట్టు ఆవిడ చెప్పింది. దాని కాలొకటి పొట్టిదైతే కింద బెరడు ముక్క పెట్టాడు. ఫెలిజ్బెలా చేత్తో నొక్కి చూసింది. కుర్చీ కదల్లేదు.