రెండో వైపు చివరి పాట

మునిచంద్ర వాళ్ళ బ్యాండు క్యాసెట్టులో అన్నిటికన్నా చెడ్డ పాట ఏదని అడిగితే మదనపల్లెలో ఎవరైనా ఒకటే చెబుతారు: రెండో వైపు చివరిది. 2004లో ఆ పాటలను సీడీగా వేయాలనుకున్నప్పుడు దాన్ని తీసేద్దామని వాళ్ళే అనుకున్నారు. ఆ మాట నాకు చెప్పింది సుప్రియ. పాడేది ఆ పిల్లే. వాళ్ళు వాయించుకునేది మా టమోటా పెట్టెల రేకుల షెడ్డులో.

ఆ పాటలో లోపాలు నాకు తెలియవని కాదు. నడుమ ముక్తియార్ డ్రమ్ము వెనకబడుతుంది. గిటారు తీగ ఒకటి వదులై మూలుగుతుంది. రెండో చరణానికి మాటలు దొరక్క మొదటిదే మళ్ళీ పాడారు. చివర్లో సుప్రియ గొంతు జీరబోతుంది. కానీ జనం తప్పుబట్టింది వీటిని కాదు. పాటంతా గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలిచి, యాడికి పోతాండావని అడగడమే. పుంగనూరులో పాడితే పెద్దవాళ్ళు అపశకునమని లేచి వెళ్ళిపోయారు.

నేనూ ఆ భయంలోనే ముసలిదాన్నయ్యాను. ఇప్పటికీ ఎవరు బయలుదేరినా ఎదురెవరొస్తారోనని ముందు వీధిలోకి చూస్తాను. మా అక్క వెళ్ళేటప్పుడు, మా ఆయన బస్సెక్కేటప్పుడు, పిలవకూడదని నా నోరు మూయించారు. శకునాలన్నీ బాగానే ఉన్నాయి. ఇద్దరూ తిరిగి రాలేదు.

పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినదాన్ని. పుస్తకంలో నున్నగా నడిచిన పేజీలు నాకు గుర్తుండవు. రాసినవాడు తడబడిన చోటే ఆగిపోతాను. ఈ పాటా అంతే. మిగతావి బాగున్నాయి, అవి ఎవరైనా పాడగలరు. ఇది మాత్రం అడగకూడనిది అడిగింది.

కుప్పంలో ప్రోగ్రాముకు వ్యానులో సామాను సర్దుతుంటే మునిచంద్రకు ఇదే చెప్పాను. వాడు నవ్వాడు.

"పిల్లి ఎదురైతే పెరుగు తెచ్చేదానిగ్గూడా పోవు నువ్వు. నీకెట్ల నచ్చిందవ్వా ఇది?"

"నచ్చిందని యెవరు సెప్పిరి? బాగలేదు. బాగలేకున్నా ఉండాల."

సీడీ కొనేవాళ్ళు మంచి పాటలే అడుగుతారని సర్దిచెప్పి వాడు వ్యానెక్కాడు. సుప్రియ నా వైపు చూడలేదు. బండి కదిలింది. వీధి ఆడవాళ్ళంతా అరుగుల మీదే ఉన్నారు. అయినా నేను వీధి మధ్యకు నడిచి గొంతెత్తాను.

"మునిచంద్రా, యాడికి పోతాండారప్పా?"

పక్కింటి పాపమ్మ నెత్తి కొట్టుకుంది. వ్యాను ఆగింది. డ్రైవరు గురప్ప దిగొచ్చి, ఇంక బండి తియ్యనని, కాళ్ళు కడుక్కుని నీళ్ళు తాగి, కాసేపు కూర్చుంటేగానీ దోషం పోదని గొణిగాడు.

"నీళ్ళు నేనియ్యను," అన్నాను. "అడిగినదానికి జవాబు సెప్పి పోండి."

సుప్రియ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"కుప్పానికవ్వా. రేపు పొద్దన్నే వస్తాము."

ఇన్నేళ్ళలో నాకు ఆ జవాబు చెప్పిన మనిషి ఆ పిల్లే. తర్వాత లోపలికి తిరిగి మునిచంద్రతో అంది: "ఈ పొద్దు మొదలు అదే పాడతా. సీడీలో గూడా ఉంటాది. నువ్వు ఆ తీగ మాత్రం బిగించొద్దు."

గురప్ప తిట్టుకుంటూనే బండి తీశాడు.

పోయేవాళ్ళను కనుమరుగయ్యేదాకా చూడకూడదంటారు. చూశాను.