నిండుగానే ఉంది

"నిండుగానే ఉందని చెబుతున్నానా లేదా? మళ్ళీ అదే పాట!" అన్నారు మామగారు, పళ్ళెం పక్కకి నెట్టి.

"నిండుగా లేదని నేనెప్పుడన్నాను మామయ్యగారూ? పాతబడిందంటున్నాను. మార్చాలంటున్నాను."

"తగ్గినప్పుడల్లా పోస్తూనే ఉన్నాగా! బ్రేకు ఆయిలుకి పాతేమిటి, కొత్తేమిటి, కోడలికున్నట్టు?"

పొద్దున్న కాఫీ దగ్గర రాజుకున్న గొడవ భోజనాల దాకా పాకింది. వడ్డిస్తున్న అత్తగారు ఎవరి వైపూ చూడలేదు. కొడుకు సరేసరి, గోడ మీద పిల్లి. తల వంచుకుని తింటున్నాడు.

కిందటి వారం కోడలు కొండ దిగుతుంటే, అడుగున ఉన్న మలుపు దగ్గర కారు ఆగక పేవ్‌మెంటెక్కి మందుల షాపు గోడకి కొట్టుకుంది. బ్రేకు నేల దాకా దిగిపోయిందని ఆమె నెత్తీ నోరూ కొట్టుకుంది. తీరా మామగారు వెళ్ళి తొక్కి చూస్తే పెడల్ గట్టిగా, బుద్ధిమంతురాలిలా ఉంది. ఆ సాయంత్రమే తాళం ఆయన జేబులోకి వెళ్ళిపోయింది. కోడలి ఉద్యోగం కొండ కింద ఐస్ ఫ్యాక్టరీలో. పని ముగిసే వేళకి పైకి బస్సుండదు. కారు లేదంటే ఉద్యోగమూ లేదు. సెలవు ఈ రోజుతో సరి.

మానేస్తే పొగరు దిగుతుందని అత్తగారికి లోపల ఒక ఆశ. రోజంతా ఇంట్లోనే తిష్ఠ వేస్తుందని అంతకంటే పెద్ద బెంగ.

"పదండి అందరూ," మామగారు చెయ్యి కడుక్కుని లేచారు. "నేను తోలి చూపిస్తాను. లోపం కారుదో, కాలుదో తేలిపోతుంది."

వాకిట్లో బానెట్ లేపి, బ్రేక్ ఆయిల్ డబ్బా మూత తిప్పి తీశారు. ప్రతి ఆదివారం చేసే పనే. మూత తీసి పక్కన పెట్టి, ఇంజనంతా తీరిగ్గా తుడిచి, లోపలికి తొంగి చూసి, అప్పుడు బిగిస్తారు. నీటి సరఫరా ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ ట్యాంకుల మట్టం చూసిన మనిషి. నిండుగా ఉంటే ఊరు చల్లగా ఉన్నట్టే లెక్క.

"మట్టం బయట్నించే కనిపిస్తుంది కదండీ," అంది కోడలు. "తెరిచినప్పుడల్లా అది గాల్లో తేమ పీల్చుకుంటుంది. తేమ చేరిన ఆయిలు వేడెక్కితే లోపల ఆవిరి కడుతుంది. ఇక బ్రేకు పట్టదు. చల్లారాక మళ్ళీ మామూలే. అందుకే మీకు దొరకలేదు. రంగు చూడండి, కొత్తది తేనెలా ఉంటుంది. ఇది మసిగుడ్డ పిండిన నీళ్ళలా ఉంది. కొని ఇన్నేళ్ళయినా ఒక్కసారీ మార్చలేదు. మా నాన్నయితే రెండేళ్ళకోసారి..."

"మీ నాన్న లారీ తోలాడు. నేను ఊరందరికీ నీళ్ళిచ్చాను. ఎక్కు."

అత్తగారు ముందు సీట్లో కూర్చుంది, కొడుకూ కోడలూ వెనక. కొండ దారి మొదలైంది. ఆయన అడుగడుక్కీ బ్రేకు తొక్కుతున్నారు.

"గేరు తగ్గించండి. బ్రేకు మీదే దింపితే వేడెక్కుతుంది."

"వెనక సీట్లో స్టీరింగ్ లేదమ్మాయ్. నోరు మూసుకుని కూర్చో."

సగం దారి దిగారో లేదో, ఆయన గొంతు సవరించుకున్నారు. అత్తగారు సీటు అంచు పట్టుకుంది. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆ చప్పుడు ఆవిడకి కొట్టిన పిండి. భయమేసినప్పుడు తప్ప ఆయనకి గొంతు పట్టదు. కిందికి చూసింది. ఆయన కాలు దూదిలో దిగినట్టు దిగిపోయింది. పైకెత్తి తొక్కారు. మళ్ళీ తొక్కారు. మలుపు మీదికొచ్చేస్తోంది. హ్యాండ్ బ్రేకు లాగి, గేరు మార్చి, కారుని రోడ్డు పక్కనున్న ఇసుక కుప్పలోకి తిప్పారు. కారు ఒక్క కుదుపుతో ఆగింది.



"కుక్క అడ్డొచ్చింది," అన్నారు మామగారు.

"అవున్నాన్నా, నేనూ చూశాను," అన్నాడు కొడుకు.

కోడలు మొగుడి వైపు తిరిగింది. "ఏ రంగు కుక్కండీ?"

అతను కిటికీ అద్దం దించే పనిలో పడ్డాడు. మామగారు దిగి, నాలుగు టైర్లనీ తన్ని, ఇసుకలో అటూ ఇటూ తిరిగి, తీరిగ్గా వచ్చి పెడల్ తొక్కారు. "ఇదిగో, రాయిలా ఉంది. చూశారుగా!" కారుని నెమ్మదిగా వెనక్కి తిప్పి, ఎక్కుడు దారిలో ఇంటికి తెచ్చారు.

హాల్లోకి రాగానే తీర్పు చెప్పేశారు. "కారుకి ఏ రోగమూ లేదు. తాళం నా దగ్గరే ఉంటుంది. అమ్మాయ్, ఫ్యాక్టరీకి ఫోన్ చేసి మానేస్తున్నానని చెప్పెయ్."

కోడలు ఫోను తీసింది గాని చెయ్యలేదు. "అత్తయ్యా, మీరు ముందు కూర్చున్నారు. కుక్క కనిపించిందా?"

"దాన్నడుగుతావేం? దానికేం తెలుసు?" గర్జించారాయన.

 ఈ పిల్ల పెడసరం మాటలంటే అత్తగారికి ఒంటికి కారం రాసుకున్నట్టుంటుంది. ఔనంటే ఒక్క మాటతో దీని నోరు పడిపోతుంది. కాకపోతే రేపు మళ్ళీ అదే కారు, అదే మలుపు. ఈసారి ఇసుక కుప్ప ఉంటుందన్న పూచీ ఎవరిది? ఇన్నాళ్ళూ ఆయన అబద్ధాలకి తాను గొడుగు పట్టింది. అవి ప్రాణం మీదికొచ్చేవి కావు.

దగ్గరికెళ్ళి, ఆయన చొక్కా జేబులో చెయ్యి పెట్టి తాళం తీసుకుంది. 

"నీ మీద ప్రేమ పొంగి కాదు," అంది కోడలితో. తర్వాత ముగ్గురికీ వినబడేలా, గొంతు పెంచకుండా చెప్పింది.

"కుక్కా లేదు, నక్కా లేదు. రేపు పొద్దున్నే మెకానిక్ షెడ్డువాణ్ణి ఇంటికే పిలిపిస్తున్నాను. ఆ ఆయిలు చుక్క మిగలకుండా తీసేసి కొత్తది పోస్తాడు. అప్పటిదాకా ఎవ్వరూ ఆ కారెక్కరు. ఆ తర్వాత తాళం అమ్మాయి దగ్గరుంటుంది, పనికి వెళ్తుంది. మీరు ఇంక ఆ మూత ముట్టుకోవద్దు."