కత్తెరక్క విప్పి కుట్టిన బొంత

కత్తెరక్కకు ఎవరి కుట్టూ కంటికి ఆనేది కాదు. యూనిఫారాల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లు గుడ్డ కోసిన మనిషి. ఎవరు ఎదురైనా ముందు కాలరు కుట్టు చూసేది. అది చూశాక ఇక మొహం చూడాల్సిన పనేముంది అనుకునేది.

లైబ్రరీ మేడమీద గదిలో శనివారం శనివారం కత్తెరక్కతో కలిపి పదకొండుమంది ఆడవాళ్లు చేరి కుట్టుకునేవాళ్లు. ఆరేళ్లుగా ఆ గదిని వాళ్లకు వదిలిపెట్టిన లైబ్రేరియన్ గారు రిటైరవుతున్నారు. అందరం కలిసి ఆవిడకో బొంత కుట్టి ఇద్దామని అన్నది కత్తెరక్క తోడికోడలు. ఎవరింటి పాతబట్టల్లోంచి వాళ్లు మూడు రకాల గుడ్డలు తీసి, మూడూ కలిపి ఒక్క ముక్క చేయాలి. ఆరు మూలలుగా కోసిన మందపాటి కాగితం మీద దాన్ని మడిచి కచ్చాకుట్టు వేయాలి. అలాంటివి మనిషికి ఎనిమిది. అన్నీ అంచుకు అంచు అతికాక కాగితాలు లాగేస్తారు.

"చూడగానే ఎవరి ముక్క ఏదో ఆవిడకి తెలిసిపోవాలక్కా," అంది తోడికోడలు.

"తెలియకేం? వంకరే చెబుతుంది," అంది కత్తెరక్క.

అన్నీ కలిపి అతికే పని కత్తెరక్కకే అప్పగించారు. అప్పగించక ఏం చేస్తారు, ఇంకెవరికి చేతనైతే కదా!

ఇంటికి తెచ్చి బల్ల మీద కుమ్మరించి చూసింది. ఒళ్లు మండింది. పోస్టాఫీసు ఆవిడ ముక్కల్లో మూడు గుడ్డలూ నడిమధ్యన ఒక్క చుక్కలో కలవాల్సింది పోయి, తలోదిక్కుకూ పోయాయి. కళ్లజోళ్ల దుకాణం ఆవిడ కచ్చాకుట్టు గొంగళిపురుగు పాకినట్టుంది; లోకానికంతా కళ్లజోళ్లు అమ్ముతుంది కానీ తను పెట్టుకోదు కాబోలు. ఇక తోడికోడలు పల్చటి గౌను గుడ్డ పక్కన మందపాటి ఉన్ని గళ్ల గుడ్డ పెట్టి కుట్టింది. మూల మడత పడనంటోంది. ముక్క మధ్యలో కురుపు లేచినట్టు ఉబ్బెత్తు.

"చేతులా, మొద్దులా ఇవి!" అనుకుని కత్తెరక్క కుట్లన్నీ విప్పేసింది. తనవి ఎనిమిదీ పోను, ఎనభై ముక్కలు. రంగు చూసి రంగు పక్కన పేర్చి, మందపాటివన్నీ ఏరిపారేసి, మొదటినుంచీ మళ్లీ కుట్టింది. మిగిలిన పీలికలు సంచిలో కుక్కి, వీధి మొదట్లో ఉన్న మెకానిక్‌కు చేతులు తుడుచుకోమని ఇచ్చేసింది. మూడు వారాలు పట్టింది. కుట్టు పడినప్పుడల్లా వాళ్లలో ఒకరిని తిట్టుకుంది. హాయిగా ఉండేది.

వీడ్కోలు రోజున పొడుగుబల్ల మీద బొంత పరిచారు. లైబ్రేరియన్ గారు చేత్తో తడిమి మురిసిపోయారు.

"ఎంత బాగుందర్రా! ఎక్కడ కొన్నారు?"



"మేమే కుట్టామండీ," అంది పోస్టాఫీసు ఆవిడ.

"అవునా! అయితే నీది చూపించు."

పోస్టాఫీసు ఆవిడ వేలు బొంతంతా తిరిగింది, ఎక్కడా ఆగలేదు. తోడికోడలు వంగి ఒక్కొక్క ముక్కే వెతికి, తలెత్తింది.

"అక్కా, మా నాన్న చొక్కా ఏది?"

"ఆ గళ్లదా? మందం గుడ్డ పక్కన పల్చటిది పెడితే ముడతలు పడవూ? తీసేశా."

"తీసి?"

"మెకానిక్‌కిచ్చా. ఎనభై ముక్కలు ఒంటిచేత్తో మళ్లీ కుట్టాను, ఆ సంగతి ఒక్కళ్లూ అడగరేం?"

"పనితనం గొప్పదేనమ్మా," అన్నారు లైబ్రేరియన్ గారు మెల్లగా. "కానీ మీరెవరూ ఇందులో కనబడటం లేదు."

కత్తెరక్క ముక్కు ఎగబీల్చి చరచరా మెట్లు దిగేసింది. మంచికి రోజులు కావు! దారి పొడుగునా గొణుగుతూనే ఉంది. ఆ చొక్కాలో తోడికోడలి తండ్రిని ఎన్నిసార్లు చూసిందో. కాలరు అరిగిన సంగతి గుర్తుంది కానీ, కిందటేడు పోయిన ఆ మనిషి మొహం ఎంత తలుచుకున్నా గుర్తుకు రాలేదు. ఇంటి మలుపు దగ్గర తిరగాల్సింది, తిరగకుండా మెకానిక్ షెడ్డు దాకా నడిచింది.

"ఏ గుడ్డమ్మా? అన్నీ నల్లగానే ఉన్నాయి," అన్నాడు మెకానిక్.

కత్తెరక్క నేల మీద చతికిలబడి పీలికల డబ్బా ఒళ్లోకి లాక్కుంది. రంగు తెలియడం లేదు కాబట్టి వేళ్లతో నలిపి మందం చూసింది. నలభై ఏరి పడేశాక దొరికింది. ఇంటికొచ్చి సబ్బుతో ఒకసారి, కిరోసిన్‌తో రెండుసార్లు ఉతికింది. అరచేతంత మేర గళ్లు తేలాయి. అక్కడా జిడ్డు మరకే.

శనివారం దాన్ని తోడికోడలి ఒళ్లో పెట్టింది. "ఇంతే మిగిలింది," అంది. క్షమించమనడం నోటికి అలవాటు లేదు.

తోడికోడలు కూడా పరవాలేదని అనలేదు. లైబ్రేరియన్ గారిని అడిగి బొంత తెప్పించుకుంది. ఆ మరకల ముక్కను ఆరు మూలలుగా మడిచి, బొంత నడిమధ్యన పైన పెట్టి కుట్టడం మొదలుపెట్టింది. కుట్టు కుట్టుకీ మధ్య వేలెడు దూరం. ఒక మూల అప్పుడే వంకర పోయింది. కత్తెరక్క ఒళ్లంతా జెర్రులు పాకాయి. ఇంతకన్నా కోతిచేతికి సూదిచ్చినా నయం అనుకుంది, పైకి మాత్రం అనలేదు.

"దారం అయిపోయింది. ఎక్కించివ్వండక్కా," అంది తోడికోడలు తలెత్తకుండా.

కత్తెరక్క సూది అందుకుంది.