ఎర్ర మూత సీసా

నూనె వాసన చూడకుండా నేను పొయ్యి ముట్టించను. యాభై రెండేళ్ళుగా ఇదే అలవాటు. సీసా మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఒకసారి లోపలికి పీల్చి, ఆ తర్వాతే బాండలి పెడతాను. మా అబ్బాయి అమరనాథ్ చిన్నప్పుడు ఇదేదో పూజ అనుకునేవాడు. పూజ కాదు, భయం. పెళ్ళయిన మొదటి నెలలో, చింతామణి దగ్గర మా అత్తగారి ఊళ్ళో, ఇంటికి చుట్టాలు వచ్చిన రోజు నేను చెడిపోయిన శనక్కాయ నూనెతో వడలు చేశాను. నూనె చెడిందని నాకు తెలియలేదు. మా అత్తగారు ఒక వడ రెండుగా తుంచి నా ముఖం ముందు పెట్టి, "నీకు ముక్కు ఉండేది ముక్కుపుడక కోసరమేనా?" అన్నది. అందరూ నవ్వారు. మా ఆయన చెన్నయ్య కూడా నవ్వాడు, నోట్లో ఆ వడే పెట్టుకుని. ఆ రోజు నుంచి నా ముక్కు నిద్రపోలేదు. ఏ నూనె ఎప్పుడు ఆడించింది, ఎన్నాళ్ళు ఎండ తగిలింది, ఇంకెన్నాళ్ళు నిలుస్తుంది, అన్నీ చెప్పగలను. నాకున్న విద్య అదొక్కటే అనుకునేదాన్ని.

చదువు మాత్రం బడిలో రాలేదు. మా పుట్టింట్లో పట్టుపురుగులు పెంచేవాళ్ళు. పురుగులకు రోజుకు నాలుగుసార్లు మల్బరీ ఆకు వెయ్యాలి. ఆకు తెంచే చేతులు తక్కువని రెండో తరగతిలో నన్ను ఆపేశారు. పురుగుల తట్టల కింద పరిచే పాత పేపర్లు చూసి నేను అక్షరాలు కూడబలుక్కున్నాను. పెళ్ళయ్యాకా అదే పని. పొట్లం విప్పితే ముందు కాగితం చదివేదాన్ని. "పురుగులకు పరిచే కాగితం చదివి పండితురాలివి అవుతావా" అని మా ఆయన ఎగతాళి చేసేవాడు. తర్వాత ఆయనకు పీణ్యలో లేతు మిషన్ పని దొరికి బెంగుళూరు వచ్చేశాం. పదహారేళ్ళ కిందట ఒక పొద్దున "వస్తా" అని చెప్పి పోయిన మనిషి ఆ మిషన్ దగ్గరే కూలబడిపోయాడు. అంతకుముందు మా పెద్దక్క. చింతామణి బస్టాండులో బస్సు కిటికీ ఊచ పట్టుకుని "ఉగాదికి వస్తా లేవే" అన్నది. అదే చివరి చూపు. అప్పటినుంచి ఇంట్లో ఎవరైనా గడప దగ్గర చెప్పులు వేసుకుంటుంటే మళ్ళీ ఎప్పుడొస్తావని రెండుసార్లు అడుగుతాను. వాళ్ళు కూరగాయలకు పోతున్నా సరే.

ఇదంతా సాకు అని నాకు తెలుసు. చేసిన పని చెప్పడానికి ముందు సాకులు పేర్చుకుంటున్నాను.

మా కోడలు సుమ మదనపల్లె పిల్ల. రసాయన శాస్త్రం చదివింది. పీణ్యలో అశ్వత్థప్ప అనే ఆయన నడిపే చిన్న కంపెనీలో పని. దాసరహళ్ళిలో మా ఇల్లు రెండో అంతస్తు, అక్కడి నుంచి నడిచే పోతుంది. పొద్దున అయిదుకు లేచి టిఫిను, మధ్యాహ్నానికి రెండు డబ్బాలు, నాకు వేరే చప్పిడి కూర. అమరనాథ్ ఎలక్ట్రానిక్ సిటీకి పోయే కంపెనీ బస్సు ఏడింటికి. వాడు షూ లేసు కట్టుకుంటూ "సుమా, నీళ్ళ బాటిల్" అంటాడు. ఆ బాటిల్ వాడి మోచేతి పక్కనే ఉంటుంది.

పోయిన మాఘమాసంలో సుమ ఒక చిన్న డబ్బాలో గోధుమరంగు పొడి తెచ్చి నాకు చూపించింది. మల్బరీ పుల్లల నుంచి తీసిందట. ఆకులన్నీ పురుగులు తినేశాక మిగిలే పుల్లలు మాకు పొయ్యిలోకి తప్ప దేనికీ పనికొచ్చేవి కాదు. వాటిలోంచి ఏం తీస్తావమ్మా అన్నాను. చెట్టును నిటారుగా నిలబెట్టేది లిగ్నిన్ అని ఒకటుందని, కాగితం మిల్లుల్లో దాన్ని నల్లటి నీళ్ళుగా తీసేసి కాల్చేస్తారని, దాన్ని సన్నగా విడగొడితే నూనెలు చెడకుండా ఆపే యాంటీ ఆక్సిడెంట్ అవుతుందని చెప్పింది. గాలి నూనెను పట్టకముందే ఈ పొడి గాలికి ఎదురెళ్తుందట. నూనె బదులు తను చెడిపోతుందట.

"ఇది కనిపెట్టాలా? ఇంటికొకతి ఉండాది కదా" అన్నాను.

సుమ చాలాసేపు నవ్వింది. "ఇది కూడా రాసుకుంటానత్తా" అన్నది.

వాళ్ళ కంపెనీలో ఆ పరీక్ష చేసే మిషన్ లేదు. బయట ల్యాబుకు పంపాలంటే ముందు ఏదో ఒక గుర్తు చూపించమన్నాడట అశ్వత్థప్ప. అందుకని సుమ మా బాల్కనీలోనే రెండు సీసాలు పెట్టింది. రెండింట్లోనూ ఒకే గానుగ నూనె. తెల్ల మూత సీసాలో ఉత్త నూనె. ఎర్ర మూత సీసాలో పొడి కలిపిన నూనె. ఎండకు పెట్టి వారం వారం వాసన చూడాలి. కంపెనీలో యాసిడ్ ఆవిర్లకు తన ముక్కు ఎప్పుడో మొద్దుబారిపోయింది. అమరనాథ్‌ను అడిగితే "నేనేమన్నా కుక్కనా" అన్నాడు. అప్పుడు నన్ను అడిగింది.

ప్రతి ఆదివారం పొద్దున, కాఫీ తాగకముందు, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమనేది. ఏ సీసా ముందు పెడుతుందో చెప్పేది కాదు. నేను వాసన చూసి చెప్పేదాన్ని. సుమ నోటు పుస్తకంలో రాసుకునేది, తెలుగులో. ఆఫీసుకు ఇంగ్లీషులో ఇంకోటి ఉంది, ఇది మీరు చదువుకోవాలి కదా అన్నది. మొదటి వారం కింద "వాసన చూసినవారు: సొన్నమ్మ గారు" అని ఉంది. రేషన్ కార్డులో, ఆసుపత్రి చీటీలో కాకుండా నా పేరు ఒకచోట రాసుండటం అదే మొదలు. ఆ పేజీని వారం పొడుగునా నాలుగైదుసార్లు చూసుకున్నాను. ఇంట్లో అందరూ బయటికి పోయాక.

ఆరో వారానికి ఒక సీసాలో తేడా మొదలైంది. ఏడో వారానికి అది బాగా తెలిసింది. ఇంకొకటి నిన్న ఆడించినట్టుంది. సుమ నాకిచ్చిన కాఫీలో చక్కెర రెండుసార్లు పడింది. ఎనిమిదో వారం కూడా ఇట్లే వస్తే అశ్వత్థప్ప దావణగెరె దగ్గర ఒక కాగితం మిల్లులో ఏడాది పాటు ఈ పని పెద్ద ఎత్తున చెయ్యడానికి తనను పంపుతానన్నాడని ఆ రోజే చెప్పింది. అమరనాథ్ దోసె తింటూ తల ఎత్తలేదు.

శనివారం మధ్యాహ్నం సుమ బట్టలు ఆరేయడానికి మిద్దె మీదికి పోయినప్పుడు వాడు నా పక్కన కూర్చున్నాడు. నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాను. రెండు కాయలు తీసుకుని తనూ తీశాడు. ముప్పై ఎనిమిదేళ్ళలో వాడు నా పనిలో చెయ్యి పెట్టడం నేనెరగను. "ఆ పిల్ల పోతే నిన్ను ఎవరు చూసుకుంటారమ్మా" అన్నాడు. నన్ను చూసుకునేదేముంది, నా పనులు నేనే చేసుకుంటాను కదా అని నోటిదాకా వచ్చింది. వాడే మళ్ళీ, "నేను వద్దంటే నన్ను చెడ్డవాణ్ణి చేస్తుంది. నీ మాటంటే దానికి గురి. అంతా నీ ముక్కు మీదే ఉండాది" అని నవ్వి లేచిపోయాడు. అబద్ధం చెప్పమని వాడు అడగలేదు. ఆ మాట ఖచ్చితంగా చెప్పాలి. అడగలేదు.

మరుసటి రోజు పొద్దున కళ్ళు మూసుకుని కూర్చున్నాను. మొదటి సీసా చెడిపోయింది. గుప్పుమంది. రెండోది ముక్కు దగ్గరికి వచ్చింది. శనక్కాయ వాసన, అంత శుభ్రంగా, ఎండలో వేయించిన గింజలాగా. నాకు సుమ చెప్పులు కనిపించాయి. గడప దగ్గర, పెట్టె పక్కన.

"రెండూ చెడినాయి" అన్నాను.

"ఇంకొకసారి చూడండత్తా" అన్నది. చూశాను. "రెండూ ఒకటే" అన్నాను. కళ్ళు తెరవడానికి చాలాసేపు పట్టింది. తెరిచేసరికి ఆమె రాసుకుంటోంది.

సోమవారం వెళ్ళి అశ్వత్థప్పకు చెప్పేసింది. ఆయన ఆ పని పక్కన పెట్టి సుమను ప్యాకింగు సెక్షన్‌కు, డబ్బాలకు చీటీలు అంటించే చోటికి మార్చాడు. ఆ సాయంత్రం అమరనాథ్ మైసూరుపాకు తెచ్చాడు. ఏ సందర్భమో చెప్పలేదు. సుమ ఒక ముక్క తిన్నది. నేనూ తిన్నాను. అదీ చెప్పాలి.

సీసాలు పారబొయ్యమన్నది. తెల్ల మూతది పారబోశాను. ఎర్ర మూతది సింకు దాకా తీసుకుపోయి చెయ్యి రాలేదు. మంచి నూనె పారబొయ్యడం నాకు తెలియదు. తినొద్దన్నది కాబట్టి వంటకూ వాడలేను. బియ్యం డబ్బా వెనకాల దాచాను. అప్పటినుంచి రోజూ ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాని మూత తీసి చూస్తున్నాను. చెడిపోతే బాగుండుననుకుని. చెడిపోతే నా అబద్ధం కొంచెమన్నా నిజమయ్యేది. జ్యేష్ఠం వెళ్ళింది. అది చెడలేదు.

సుమ నాతో మామూలుగానే ఉండేది. చప్పిడి కూర మానలేదు. మునుపు రాత్రి అన్నం తింటూ కంపెనీ కబుర్లు చెప్పేది, అవి ఆగిపోయాయి. వేళ్ళకు అంటిన జిగురును గోరుతో గీరుకుంటూ తినేది. ఒకరోజు "ఎంతసేపు గీరుతావు, తినేటప్పుడు" అని అమరనాథ్ విసుక్కున్నాడు. నేను మజ్జిగ గిన్నె వాడి వైపు జరిపాను.

నిన్న శనివారం పాత పేపర్లవాడు వస్తాడని సుమ కట్ట కట్టి తలుపు దగ్గర పెట్టి డ్యూటీకి పోయింది. పేపరు కట్ట కనిపిస్తే విప్పి చూడకుండా ఉండలేను. అడుగున ఆ నోటు పుస్తకం ఉంది. పేజీలు తిప్పాను. ఎనిమిది ఆదివారాలు, ఎనిమిది చోట్ల నా పేరు. చివరి దాని కింద రెండు వాక్యాలు ఎక్కువ ఉన్నాయి. "అత్త ముక్కు ఇంతవరకు తప్పలేదు. కాబట్టి తప్పు నా పొడిదే."

కట్టలోంచి ఆ పుస్తకం పక్కకు తీసి పెట్టాను. మా అత్తగారు నలుగురి ముందు ఆ వడ తుంచిన రోజు కూడా నాకు ఇంత సిగ్గు వెయ్యలేదు. ఆ రోజు నా తప్పు తెలియక చేసింది. ఇప్పుడు నన్ను నమ్మి ఒక మనిషి తన పనినే తప్పు పట్టుకున్నది. ఆకు తెంచే చేతులు తక్కువని నన్ను బడి మాన్పించినప్పుడు నేను ఎవరినీ ఏమీ అడగలేదు. ఈ పిల్లను నేనే మాన్పించాను.

పెన్ను వెతికాను. చదవడం వచ్చు కానీ రాయడం నాకు అంతగా అలవాటు లేదు. ఒక్కో అక్షరం పేపర్లో చూసి దించుకున్నట్టు రాశాను.

ఈ రోజు ఆదివారం. కాఫీ తాగకముందే కుర్చీ వేసుకుని కూర్చుని సుమను పిలిచాను. అమరనాథ్ ఫోను చూస్తూ సోఫాలో ఉన్నాడు. ఎర్ర మూత సీసా, నోటు పుస్తకం బల్ల మీద పెట్టాను. సుమ ఎనిమిదో వారం కింద నా చేతిరాత చదివింది. "రెండో సీసా చెడలేదు. అబద్ధం చెప్పినాను. ఈ పొద్దుకీ చెడలేదు. సొన్నమ్మ."

అమరనాథ్ లేచి వచ్చి ఆమె భుజం మీదుగా చదివాడు. "పోనీలే సుమా, వయసైపోయింది కదా, ముక్కు సరిగ్గా పని చేసుండదు" అన్నాడు. వాడు నాకు తప్పించుకునే దారి వేస్తున్నాడు. వాడికి కూడా అదే దారి.

"నా ముక్కుకు ఏమీ కాలేదప్పా" అన్నాను. "ఆ పొద్దు చిక్కుడుకాయల కాడ నువ్వన్న మాట నాకు నచ్చింది. అందుకే అబద్ధం చెప్పినాను."

వాడు మళ్ళీ ఫోను తీసుకున్నాడు. సుమ నన్ను తిట్టలేదు, ఏడవలేదు. తిడితే బాగుండేది. పుస్తకంలో మొదటి ఆదివారం నుంచి ఈ రోజు దాకా వేలితో వారాలు లెక్కబెట్టుకున్నది. "ఇరవై రెండు" అని తనకు తనే చెప్పుకుంది. తర్వాత నా వైపు చూడకుండా, "వేరే ముక్కు కావాల. మీది ఇంక పనికిరాదు, అత్తా" అన్నది.

అవునమ్మా అన్నాను.

సీసా, పుస్తకం తీసుకుని గడప దగ్గర చెప్పులు వేసుకుంది. కింద ఇంట్లో ఉండే హేమలతను వాసన చూడమని అడుగుతుందట. రేపు పొద్దున్నే అశ్వత్థప్ప దగ్గరికట. వస్తానని చెప్పలేదు. ఎప్పుడొస్తావని నేనూ అడగలేదు. మెట్ల మీద ఆమె అడుగులు చివరిదాకా విన్నాను.

అమరనాథ్ తల ఎత్తి వంటింటి వైపు చూశాడు, తర్వాత నా వైపు. "మరి టిఫిను?" అన్నాడు.

"పిండి ఫ్రిజ్జులో ఉండాది" అన్నాను, కుర్చీలోంచి లేవకుండా. "నూనె వాసన చూసి పొయ్యి ముట్టించు."