తెల్లపట్టా మీద మాణిక్యమ్మ

మిరపకాయలు కల్లంలో పోశాక బుల్లయ్యకి వేరే లోకం ఉండదు. పొద్దున్నే టార్పాలిన్ పట్టా తీసి కాయలు నెరపడం, ఎండెక్కాక కాళ్ళతో తిరగేయడం, పొద్దువాలగానే కుప్పచేసి మళ్ళీ పట్టా కప్పడం. ఈ ఏడు నల్ల తామర పురుగు తినగా మిగిలింది ఒక్క కుప్పే. అది కాస్తా తడిసి, రంగు పోయి తాలుకాయ అయితే, కౌలు పొలం వదులుకోవాల్సిందే.

సరిగ్గా ఆ రోజుల్లోనే సౌజన్య ఊళ్ళోకి ప్రొజెక్టర్, ఒక పాత సినిమా పట్టుకొచ్చింది. వాళ్ళ తాతగారు చెంచురామయ్య డాక్యుమెంటరీలు తీసేవారు. డెబ్బై ఏళ్ళ కిందట ఊరూరా తిరిగి కూలీనాలీ జనాన్ని కెమెరాకెక్కించారు. ఈ ఊరి కల్లాల మీదా ఒకటి తీశారు. అందులోకి వాన కావాలనిపించింది ఆయనకి. వాన రాలేదు. "వస్తోందనుకుని పరిగెత్తండమ్మా" అన్నారు. ఆడవాళ్ళు నవ్వుకుంటూనే ఈతచాపలు చంకనపెట్టుకుని పరిగెత్తి కుప్పలు కప్పారు. అందరికన్నా ముందు పరిగెత్తింది మాణిక్యమ్మ, బుల్లయ్య తల్లి. మరుసటేడే ఆవిడ జ్వరంతో పోయింది. అప్పటికి బుల్లయ్య ఉయ్యాల్లో ఉన్నాడు. ఆవిడ ఫోటో అంటూ ఒక్కటీ లేదు.

ఆ రోజు రాని వాన, ఆ సినిమా వేసినప్పుడల్లా వస్తుంది. ఊరందరికీ తెలిసిన సంగతే. బుల్లయ్య కుర్రతనంలో ఎవరో వ్యానులో తెచ్చి వేస్తే ఊరి కాయలన్నీ తడిసిపోయాయి. మళ్ళీ ఎవరూ ఆ మాటెత్తలేదు. ఆ సాయంత్రం బుల్లయ్య ఊళ్ళో లేడు. కొత్త సినిమా చూడ్డానికి సైకిలేసుకుని సత్తెనపల్లి పోయాడు. ఇక్కడ తల్లి తెరమీద పరిగెత్తుతుంటే, అక్కడ తను ఎవరి డాన్సుకో ఈలలేశాడు. అది గుర్తొస్తే ఇప్పటికీ ఆయనకి ముద్ద దిగదు.

"పోనీ కాయలన్నీ అమ్ముకున్నాక వస్తానండీ" అంది సౌజన్య, వాన సంగతి విని.

"నా కళ్ళకి మసకలొస్తున్నాయి తల్లీ. అప్పటికి ఏం కనపడుద్దో ఏమో" అన్నాడు బుల్లయ్య.

పక్క కల్లం కోటేష్ తేల్చేశాడు. "బాబాయ్ కోసం ఒక్కపూట. అందరం కుప్పలు కప్పేసుకుందాం. వెయ్యమ్మా."

తీరా చూస్తే తెర లేదు. ఏ గోడ చూసినా పురుగుమందుల ప్రకటనలే. ఊళ్ళో పట్టాలన్నీ కుప్పల మీదికెక్కాయి. బుల్లయ్య తన తెల్లపట్టా తీసుకొచ్చి రెండు కరెంటు స్తంభాలకి బిగించి కట్టాడు.

"మన కాయల మీదేం కప్పుతావయ్యా?" అంది భార్య బసవమ్మ.

"గోతాలేశాను. అమ్మ మొహం చూసి, పట్టా విప్పుకుని పోతా. ఎంతసేపు?"

చీకటి పడుతుండగా సినిమా మొదలైంది. తెరమీద ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూ తొడిమలు తీస్తున్నారు. ఇంకా పరుగు రానేలేదు, వాన మాత్రం వచ్చేసింది. జల్లు కాదు, చినుకులు పెద్దవి. ఆ వానకి గోతాలు ఆగవు. పట్టా విప్పితే సినిమా ఉండదు.

"కూర్చో, వచ్చేస్తోంది మీ అమ్మ" అని బసవమ్మ చెయ్యి పట్టుకుంది.

కూర్చుందామనే అనుకున్నాడు. కానీ అవి రైతు కాళ్ళు. చెయ్యి విదిలించుకుని ఉత్త చేతులతో కల్లానికి పరిగెత్తాడు.

కుప్ప మీద గోతాలు పక్కకి తీసేసి ఉన్నాయి. వాటి బదులు అంచులు కలిపి ఈతచాపలు కప్పి, గాలికి లేవకుండా రాళ్ళు పెట్టి ఉన్నాయి. సెల్‌ఫోను లైటు వేశాడు. మట్టి ఎర్రగా, గడ్డి పచ్చగా కనపడ్డాయి. చాపలు మాత్రం రంగన్నది లేకుండా, తెలుపూ నలుపే. చెయ్యి లోపలికి పెట్టి చూస్తే కాయ గలగలలాడింది. చుట్టూ బురదలో చిన్న చిన్న పాదాల గుర్తులు.

బుల్లయ్యకి అర్థమైంది. వచ్చినదారినే వెనక్కి పరిగెత్తాడు.

"నువ్వు లేచి వెళ్ళడం చూసింది మీ అమ్మ" అంది బసవమ్మ. "ఇటు తిరిగి ఒక్క క్షణం నిలబడింది. ఆ వెంటనే చాపలు తీసుకుని తెర పక్కనించి దిగి వెళ్ళిపోయింది."

సౌజన్య ప్రొజెక్టర్‌కి గొడుగు పట్టి, సినిమా మళ్ళీ మొదట్నించి వేసింది. ఆడవాళ్ళంతా పరిగెత్తారు. ముందు మాత్రం ఒక మనిషి పట్టేంత చోటు ఖాళీగా ఉంది. వెనకవాళ్ళు ఆ చోటు తొక్కకుండా పక్కగా పోతున్నారు.

బుల్లయ్య కాయలకి మిర్చి యార్డులో మంచి ధర వచ్చింది. కౌలు పొలం నిలిచింది. ఆ చాపలు మడిచి మంచం కింద పెట్టుకున్నాడు. ఆ సాయంత్రం చూసినవాళ్ళు ఎవరెదురుపడినా ఆపి కూర్చోబెడతాడు.

"మా అమ్మ ఎట్టా ఉందిరా?" అని అడుగుతాడు.

వాళ్ళు ఓపిగ్గా చెబుతారు. ఊరంతా చూసింది, ఆయన తప్ప.