పదకొండో పేజీ

సృష్టి ఎలా మొదలైందో రామచంద్రపురం మొత్తానికి ఇద్దరికే తెలుసని బుల్లిబాబు కాఫీ హోటల్లో చెప్పేవాడు. ఒకరు వెంకటరత్నం మాస్టారు, రెండోవాడు తను.

"మాస్టారి పేపరు నలభై పేజీలూ నేనే చెక్ చేశాను. దేవుడన్నా పొరపాటు చేసుంటాడు గానీ, అందులో ఒక్క తప్పు లేదు" అనేవాడు.

నిజానికి అతను చెక్ చేసింది పేజీ నంబర్లు.

కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు పదహారేళ్ళుగా ఆ పరిశోధన పేపరు మీదే ఉన్నారు. సృష్టి మొదటి క్షణంలో సాంద్రత అనంతం. మామూలు ఫంక్షన్లు అక్కడ చతికిలబడతాయి. అందుకని ఆయన, ఒక్క బిందువు దగ్గర అనంతమై మిగతా అంతటా సున్నా అయ్యే డెల్టా లాంటి జనరలైజ్డ్ ఫంక్షన్లు పట్టుకున్నారు. అవి ఒంటరిగా విలువ చెప్పవు. పక్కన ఓ బుద్ధిమంతుడైన ఫంక్షన్‌ని కూర్చోబెడితేనే లెక్క తేలుస్తాయి. డెల్టాని డెల్టాతోనే గుణిస్తే మాత్రం దానికి అర్థం ఉండదు.

టైపు మిషన్లో ఆ గుర్తులుండవు. ఆయన పాత శిష్యుడు బుల్లిబాబు ఖాళీలు వదిలి టైపు కొట్టి, తర్వాత నల్ల సిరాతో దిద్దేవాడు. డెబ్భై తొమ్మిది వైశాఖంలో, పదకొండో పేజీలో డెల్టా పక్కనే ఇంకో డెల్టా దిద్దబోతూ ఆగాడు. అలా గుణించకూడదని మాస్టారి నోటే వందసార్లు విన్నాడు. తప్పు. మిగతా ఇరవై తొమ్మిది పేజీలూ దాని మీదే నిలబడ్డాయి. మాస్టారికి అప్పటికి ఒక కంట్లో చూపుంది. చెబితే ఆయన మళ్ళీ మొదలెడతారు, మళ్ళీ టైపు తనే కొట్టాలి.

ఆ రెండో డెల్టానీ ముత్యంలా దిద్దాడు. లండన్ గణిత పత్రికకి పంపేశానని చెప్పి ట్రంకు పెట్టెలో పడేశాడు.

శ్రావణంలో ఆపరేషన్ వికటించి ఆ కన్నూ పోయింది. "లండన్నించి ఏమన్నా వచ్చిందేంట్రా?" అని మాస్టారు రోజూ అడుగుతుంటే భరించలేక, ఓ సాయంత్రం ఉత్తరం వచ్చిందని చదివి వినిపించాడు. పొగడ్తలు బిందెలతో గుమ్మరించాడు. చేతిలో ఉన్నది ఎరువుల కొట్టు కరపత్రం.

"పదకొండో పేజీ గురించి ఏమన్నార్రా?"

"అది మరీ బాగుందన్నారండి."

మాస్టారు విసనకర్ర ఆపారు.

"కంటికి కట్టుతో పడుకున్నప్పుడు తట్టింది. అక్కడ డెల్టాని డెల్టాతో గుణించేశాను. వాళ్ళు తిట్టి తిప్పి పంపుతారు, ఎలా దిద్దాలో ఓ ముక్కన్నా రాస్తారని కాసుక్కూచున్నా. అది బాగుందన్నవాడు లండన్లో ఉండడు. ఎక్కడున్నాడ్రా?"

"ఇక్కడే ఉన్నాడండి. పేపరు పంపలేదండి."

"నువ్వు తప్పు చూశావా?"

"చూశానండి."

"ఎప్పుడు?"

బుల్లిబాబుకి నాలుక చివర కోతలు చాలానే వచ్చి నిలబడ్డాయి.

"వైశాఖంలోనండి. గుర్తు దిద్దుతున్నప్పుడే. అప్పటికి మీకు కన్ను కనపడుతోందండి."